పదకొండో అంశం

ఐండ్‌హోవెన్ మీద వాన
పొద్దుటి నుంచీ తెరిపి ఇవ్వలేదు.
హోటల్ హాలు బయట రెండు వందల గొడుగులు
ఒక మూల నిలబడి నీరు కారుస్తున్నాయి,
వాటాదారుల కంటే ముందే దిగులుపడ్డట్టు.

నేను మినిట్స్ రాసే మనిషిని.
పందొమ్మిదేళ్లుగా ఈ కంపెనీ మాటల్ని
పొట్టు తీసి కాగితమ్మీద పెడుతున్నాను.
అరుపులు రాయను. దగ్గులు రాయను.
"సభ్యులు ఆందోళన వ్యక్తం చేశారు" అని రాస్తే
ఎవరి గొంతు వణికిందో మీకు తెలియదు.

పదకొండో అంశం, కొత్త తరం యంత్రం.
తెర మీద బొమ్మ వచ్చింది.
రెండంతస్తుల బస్సంత, తెల్లటి ఒళ్లు.
విడదీస్తే రెండు వందల యాభై పెట్టెలు,
మోయడానికి ఏడు విమానాలు.
ధర చెప్పేముందు ఆర్థికాధికారి నీళ్లు తాగాడు.
నలభై కోట్ల యూరోలు.
ఒక్కటి.

లోపల ఏం జరుగుతుందో ఇమ్కె అనే ఇంజనీరు చెప్పింది.
కరిగిన తగరం బొట్లు బొట్లుగా రాలుతుంది,
సెకనుకి యాభై వేలు.
ప్రతి బొట్టునీ లేజరు రెండుసార్లు కొడుతుంది.
మొదటి దెబ్బకి బొట్టు అప్పడమవుతుంది,
రెండో దెబ్బకి వెలుగవుతుంది.
గాలి తగిలితే గాలే తాగేసే వెలుగు.
అందుకే శూన్యంలో, అద్దం నుంచి అద్దానికి,
చేతులు మారే డబ్బులా తరిగిపోతూ
చివరికి చిటికెడు చేరుతుంది సిలికాన్ మీదికి.

అప్పుడు లేచాడు సీబ్రెన్ హాడ్స్మా.
ఖ్రోనింగెన్ బడిపంతుళ్ల పింఛను నిధి అతని చేతిలో ఉంది.
"పాత యంత్రంతోనే రెండుసార్లు అచ్చు వేసుకుంటాం,
చాలు అంటున్నారు మీ కొనుగోలుదారులు.
ఏనుగుని కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదంటారు, సరే.
అంకుశమే ఏనుగు కంటే ఖరీదైతే?"

హాలు నవ్వింది.
నవ్వులు రాయను.

"ముగ్గురే కొనగలరు దీన్ని.
ఒకరు అప్పుల్లో ఉన్నారు. ఒకరు ఆలోచిస్తున్నారు.
మూడోవారు మీరు ధర దించుతారని కాచుకుని కూచున్నారు.
మా దగ్గర ముప్పై ఒక్క వేల మంది ఉన్నారు సార్,
సుద్దముక్కలు పట్టి పట్టి వేళ్లు పగిలినవాళ్లు.
వాళ్లు నన్ను నానోమీటర్లు అడగరు.
చలికాలం గ్యాసు బిల్లు గురించి అడుగుతారు."

అధ్యక్షుడు కాగితాలు సర్దుకున్నాడు.
ఆ మౌనాన్ని గడియారం చూసి లెక్కపెట్టాను.
ఆరు సెకన్లు.
తగరం లెక్కలో మూడు లక్షల బొట్లు.

వెనక వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు.
ఆర్నౌట్. వాటాలు నలభై రెండు.
ముప్పై ఏళ్లు ఇక్కడే కటకాలు సానపట్టాడట.
"రిటైరైన రోజు గడియారానికి బదులు
వాటాలిచ్చారు నాకు.
అప్పుడూ ఇదే హాలు. అప్పుడూ ఇదే గోల,
మరీ ఖరీదు, ఎవడు కొంటాడు అని.
అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.
అందుకే సగం అమ్మేశాను.
ఆ డబ్బుతో వంటింట్లో కొత్త పలకలు పరిపించాను."
కాసేపు ఆగాడు.
"మంచి పలకలే."

మీ ప్రశ్న ఏమిటన్నాడు అధ్యక్షుడు.
"ప్రశ్నేం లేదు. ఆ పింఛను ఆయన మాట తప్పనీ అనను.
నాకు చూపు తగ్గింది.
ఆ బొమ్మ ఇంకోసారి వేస్తారా?"

వేశారు.
తెరకి ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి
అద్దాలుండే చోటు వెతుక్కుని
అరచేత్తో నెమ్మదిగా నిమిరాడు.
ప్రొజెక్టరు వెలుతురు అతని చేతి మీద పడి
నలభై కోట్ల యంత్రం
ముడతల్లో వంకర్లు పోయింది.

నేను రాసింది ఇది:
"అంశం పదకొండు. ఖర్చుపై చర్చ జరిగింది.
నిర్ణయం వాయిదా."

బయట, గొడుగుల గుంపులో
హాడ్స్మా తన గొడుగు వెతుక్కుంటున్నాడు.
అన్నీ నల్లవే.
ఒకటి తీశాడు, విప్పి చూశాడు,
తనది కాదని మళ్లీ మడిచి పెట్టాడు.

ముసలాయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు,
వార్షిక నివేదికని నెత్తిన పెట్టుకుని.